చెరువు కట్ట మీది ఏడు రాళ్లు

జనవరి 5, 2025, ఆదివారం

మా ఊరి చెరువు కట్ట మీద, తూము పక్కన చింతచెట్టు కింద ఏడు రాళ్లున్నాయి. చిన్నప్పుడు ఈతకు పోతే తడిబట్టలు వాటి మీదే ఆరేసుకునేవాళ్లం. ఊళ్లో వాటిని వీరుల రాళ్లు అంటారు, పుస్తకాల్లో వీరగల్లులు అంటారు. చనిపోయిన వీరుల గుర్తుగా చెక్కి నిలబెట్టిన రాళ్లు. ఒకదానికి సున్నం పూస్తారు, ఒకదానికి జాజు, అంటే ఎర్రమట్టి, పూస్తారు, ఇంకోదానికి ఎవరో ఎర్ర ఎనామిల్ పెయింటు వేశారు. కట్ట మీది బాటను వెడల్పు చేసి తారు రోడ్డు వేస్తారని మొన్న తెలిసింది. ఈ రోజు పోయి చూస్తే సున్నంతో మార్కింగ్ కూడా వేసి ఉంది. ఏడింట్లో నాలుగు రాళ్లు ఆ గీతకు లోపలే పడుతున్నాయి.

నేను నల్గొండలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తాను. ఆరు రోజులు రోడ్లవీ కాలువలవీ డ్రాయింగులు గీస్తాను, ఆదివారం ఊరికొస్తాను. డ్రాయింగులో ఏది కనబడుతుందో ఏది కనబడదో నాకు బాగా తెలుసు. చెట్టు కనబడుతుంది, కరెంటు స్తంభం కనబడుతుంది, తూము కనబడుతుంది. ఈ రాళ్లకు అందులో గుర్తే ఉండదు. కాగితం మీద లేనిదాన్ని తప్పించి రోడ్డు వేయమని ఎవరినీ అడగలేం. కాబట్టి ముందుగా వీటిని కాగితం మీదికి తేవాలి.

ఏడింటినీ కొలిచి, ఫొటోలు తీసి, ఒక్కో రాయికి ఒక పేజీ రాయాలి. గీత లోపల పడ్డ నాలుగింటిని, ఊరు ఒప్పుకుంటే, అదే చెట్టు కింద కొంచెం వెనక్కి జరిపి నిలబెట్టాలి. బోర్లా పడి ఉన్న ఏడో రాయిని లేపాలి. ఈ రోజు టేపు పట్టుకుని ఎత్తులు, వెడల్పులు, మందాలు మాత్రం రాసుకున్నాను. ఏ రాయి ఎటు తిరిగి ఉందో దిక్సూచితో చూశాను. నిలబడి ఉన్నవన్నీ తూర్పు ముఖమే.

జనవరి 19

ఫొటోల దగ్గర రెండు వారాలు పోయాయి. పొద్దున్నే తీస్తే మెత్తని వెలుతురులో బాగా వస్తాయనుకున్నాను. కానీ రాళ్లు తూర్పు ముఖంగా ఉన్నాయి కదా, ఎండ నేరుగా ముఖం మీద పడి చెక్కడమంతా చదునైపోతోంది. కంటికి కనబడే కత్తి కూడా ఫొటోలో లేదు. మధ్యాహ్నం ఎండ పై నుంచి రాయిని రాసుకుంటూ దిగుతుంది, అప్పుడు గీతలు లేస్తాయి. కానీ ఆ వేళకు చింతచెట్టు నీడ పడుతుంది.

చివరికి రాత్రి పూట పోయాం. మా మేనల్లుడు టార్చి పట్టుకున్నాడు, నేను ఫోన్‌ను స్టాండుకు బిగించాను. టార్చిని రాయికి దాదాపు ఆనించి పక్క నుంచి కొట్టాలి. అప్పుడు గోరంత లోతున్న గీతకు కూడా నీడ పడుతుంది. ఒక్కో రాయికి ఎడమ నుంచి, కుడి నుంచి, పై నుంచి, కింది నుంచి నాలుగు ఫొటోలు. స్టాండు కదలకూడదు, వెలుతురు మాత్రమే కదలాలి. ఇరవై ఏళ్లు చూసిన రాళ్ల మీద ఎన్నడూ చూడనివి కనబడుతుంటే వాడూ నేనూ చలి సంగతే మరిచిపోయాం.

మొదటి రాయి మీద సున్నం మందంగా ఉంది కాబట్టి మనిషి ఆకారం మాత్రం తెలుస్తోంది. పైన ఒక పక్క సూర్యుడు, ఒక పక్క చంద్రవంక. మన శాసనాల్లో 'ఆచంద్రార్కం' అంటారు చూడండి, చంద్రుడూ సూర్యుడూ ఉన్నంత కాలం అని, దానికి ఇది బొమ్మ రూపం. చదువు రానివాళ్లకూ అర్థమయ్యే రాత.

రెండోది మూడు అరలుగా చెక్కినది. ఈ రకం రాయిని కింది నుంచి పైకి చదవాలి. కింది అరలో పోరు. మధ్య అరలో చనిపోయిన వీరుణ్ని అప్సరసలు అటూ ఇటూ పట్టుకుని పైకి తీసుకుపోతున్నారు. పై అరలో అతను శివలింగం ముందు చేతులు జోడించి కూర్చున్నాడు. ఒక మనిషి చావును ఊరివాళ్లు ఏ నమ్మకంతో దిగమింగుకున్నారో మూడడుగుల రాయి మీద మొత్తం ఉంది.

మూడో రాయి కింద ఆవులు, బల్లెం పట్టుకుని వాటికి అడ్డం నిలబడ్డ మనిషి. పసులే ఆస్తిగా బతికిన రోజుల్లో శత్రువు ముందుగా మందల మీద పడేవాడు. వాటిని మళ్లించడానికి పోయి చనిపోయినవాళ్లకు ఇట్లాంటి రాళ్లు తెలుగు, కన్నడ, తమిళ నేలల్లో చాలా చోట్ల ఉన్నాయి. ఎర్ర పెయింటు వేసింది దీనికే.

నాలుగో రాయి ముందు మావాడు మాట్లాడలేదు. మనిషి కూర్చుని ఉన్నాడు. ఒక చేత్తో తన జుట్టు తానే పట్టుకున్నాడు, రెండో చేత్తో మెడ మీద కత్తి పెట్టుకున్నాడు. ఆత్మాహుతి వీరగల్లు అంటారు దీన్ని. దేవుడికో, ఏలికకో ఇచ్చిన మాట కోసం తల ఇచ్చినవాళ్లు. శ్రీశైలంలో ఇట్లాంటి సాహసాల కోసమే వీరశిరోమండపం ఉండేది, కొండవీటి రెడ్డిరాజు అనవేమారెడ్డి దాన్ని 1377లో కట్టించినట్టు శాసనం ఉంది. మా ఊరి నుంచి కూడా శివరాత్రికి శ్రీశైలం నడిచిపోతారు. ఆ దారి ఎంత పాతదో ఈ రాయి చూశాక అనిపించింది.

ఐదోదాని మీద భార్యాభర్తలు. ఆమె కుడి చేయి మోచేతి దగ్గర మడిచి పైకి ఎత్తి ఉంది, ముంజేతి నిండా గాజులు. అది సతి రాయికి గుర్తు. ఆమె ఇష్టంతో పోయిందో, పంపించారో రాయి చెప్పదు. ఆ ఆచారాన్ని గొప్పగా రాయడం నాకు చేతకాదు. కానీ ఆమెకు దండం పెట్టకుండా ఆ పేజీ మూయలేకపోయాను.

ఆరోది నడుము దగ్గర విరిగింది. రెండు కాళ్లు, కత్తి కొస మాత్రమే మిగిలాయి. ఏడోది బోర్లా ఉంది. దాని వీపు బట్టలుతికే బండగా పనిచేసి అద్దంలా నున్నబడింది.

కనబడుతున్నవాటిలో ఒక్కదాని మీద కూడా అక్షరం లేదు. మన దగ్గర చాలా వీరగల్లులు ఇంతే, శాసనం ఉన్నవి తక్కువ. ఎవరి కోసం నిలబెట్టారో ఆ పేరు రాయి మీద ఉండదు. అప్పటి ఊరికి తెలుసు, అది చాలనుకున్నారు.

ఫిబ్రవరి 9

ఈ రోజు నేను చేసిన తప్పు వివరంగా రాస్తున్నాను. ఇట్లాంటి పని చేయాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ముందు ఇదే చదవాలి.

మొదటి రాయి మీది సున్నం తీసేద్దామనుకున్నాను. జాగ్రత్తలు అన్నీ తీసుకున్నాను. యాసిడ్ ముట్టలేదు, తీగ బ్రష్షు వాడలేదు. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు, వెదురు పుల్లలు, అంతే. సున్నం అర అంగుళం పైనే మందం ఉంది, నానబెడితే పెచ్చులు పెచ్చులుగా లేచింది. రెండు గంటల్లో ముఖం బయటపడింది. పక్కకు వాలిన కొప్పు, చెవులకు పెద్ద కమ్మలు, పైకి మెలిదిప్పిన మీసం. ఆనందంతో చేతులు వణికాయి.

వెనక నుంచి గొంతు వినబడింది. కట్ట కింది వాడ అవ్వ. ఎనభై దాటి ఉంటుంది, చేతిలో కట్టె.

"ఎవర్రా అది? మా పెద్దాయన మొఖం ఎందుకు గీకుతున్నవ్?"

"గీకుతలేనవ్వా, కడుగుతున్న. సున్నం కింద మంచి బొమ్మ ఉన్నది."

"బొమ్మ నీకు. మాకు పెద్దాయన. మా అత్త పూసింది, అంతకు ముందు ఆమె అత్త పూసింది. యాభై ఏండ్ల సంది నేను పూస్తున్న. అడిగినవా నన్ను?"

అడగలేదు. ఏం చెప్పాలో తెలియక బ్రష్షు కింద పెట్టాను. అవ్వ ఇంకేమీ అనలేదు. కొంగుతో రాయి ముఖం మీది తడి తుడిచి, కట్టె పట్టుకుని మెల్లగా దిగిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇంటికి వచ్చి కింద పడ్డ పెచ్చుల్లో అరచేయంత ముక్కను దీపం కింద పెట్టి భూతద్దంతో చూశాను. అంచు వెంట పొరలు కనబడుతున్నాయి. తెల్లగా ఒక పొర, దాని మీద సన్నగా దుమ్ము, మళ్లీ తెల్లగా ఒక పొర. ఏటా పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, ఒక పూత. 26 వరకు లెక్కపెట్టగలిగాను, ఆ తరవాత పొరలు కలిసిపోయాయి. చెక్కడం చూడాలన్న తొందరలో, అత్తా కోడళ్లు ఏడాదికో పేజీ చొప్పున రాసుకుంటూ వచ్చిన పుస్తకాన్ని నీళ్లు పోసి నానబెట్టి చింపేశాను. మిగిలిన పెచ్చులన్నీ ఏరి, ఆరబెట్టి, అట్టపెట్టెలో పెట్టి తేదీ రాశాను.

రిజిస్టరులో ఇన్నాళ్లూ కొలతలు, రాయి రకం, చెక్కడం, దెబ్బలు అని గడులున్నాయి. ఈ రోజు ఇంకో రెండు గీశాను. 'ఊరు ఏమని పిలుస్తుంది', 'ఏ ఇంటివాళ్లు చూసుకుంటారు'. ఈ రెండు నిండకుండా ఇక ఏ రాయినీ ముట్టను.

ఫిబ్రవరి 16

పొద్దున్నే అవ్వ ఇంటికి పోయాను. తప్పయిందన్నాను. "సున్నం నానబెట్టి తీస్కరా" అన్నది. బకెట్టు నేను మోశాను, పూత ఆమె పూసింది. ముఖం దగ్గర మాత్రం పలచగా పూసింది. నా కోసమా అని అడగలేదు.

పూస్తూనే చెప్పింది. వాళ్ల ఇంటి పెద్దాయన పక్క ఊరివాళ్లతో చెరువు నీళ్ల కాడ కొట్లాటలో పోయాడట. ఎన్ని తరాల కిందటి మాటో తెలియదు. పెద్దల బియ్యం ఇచ్చే రోజు ముందు ఈ రాయికి, తరవాతే ఇంట్లో మిగతావాళ్లకు.

మూడో రాయిని యాదవుల ఇళ్లవాళ్లు చూసుకుంటారని, దాన్ని 'మందల వీరన్న' అంటారని ఈ వారం తెలిసింది. పెయింటు వేసింది వాళ్ల కుర్రవాళ్లే, భక్తితోనే వేశారు. వాళ్లకు ఒక మాట చెప్పాను. సున్నం, జాజు, పసుపు పూస్తే మన నల్లరాయికి పెద్దగా నష్టం లేదు, అవి గాలి ఆడనిస్తాయి, నానబెట్టి కడిగితే పోతాయి. ఎనామిల్ పెయింటు పొరలా పట్టేసి సన్నని చెక్కడాన్ని పూడ్చేస్తుంది. నూనె పోస్తే దుమ్ము పట్టి నల్లబడుతుంది. చుట్టూ సిమెంటు కడితే తడి బయటికి పోలేక రాయి కింది భాగమే ముందు పాడవుతుంది. వచ్చే ఏడు నుంచి జాజు పూస్తామన్నారు. ఉన్న పెయింటును గీకొద్దని నేనే చెప్పాను, గీకితే మీసంతో పాటు పోతుంది.

ఫిబ్రవరి 23

సాగర్ పోయి లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూసి వచ్చాను. ఊరు ఎడమ కాలువ కిందే ఉన్నా, ఎప్పుడూ డ్యామ్ గేట్లు చూసి తిరిగి రావడమే.

అక్కడి ఇక్ష్వాకుల కాలపు స్మారక స్తంభాలు చూడటానికే పోయాను. క్రీ.శ. 3వ శతాబ్దం నాటివి. పల్నాటి సున్నపురాయి మీద సన్నని చెక్కడం, కింద బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనం. వాటిని ఛాయాస్తంభాలు అన్నారు. ఛాయ అంటే ఇక్కడ పోయినవాడి రూపు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు చనిపోయాక అతని కొడుకు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో ఒక స్తంభం నిలబెట్టారు. నిలబెట్టింది చాంతమూలుడి అక్కచెల్లెళ్లు, తల్లులు, భార్యలు. ఆ ఆడవాళ్ల మాట చదవగానే నాకు సున్నం బకెట్టు, అవ్వ గుర్తొచ్చారు. రాజులకే కాదు, యుద్ధంలో పోయిన సైనికులకు, పనివాళ్ల పెద్దకు కూడా అక్కడ స్తంభాలున్నాయి.

మా నల్గొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. రోజంతా లింగం మీద నీడ పడే గుడి అని అందరికీ తెలుసు. కందూరు చోడుల నాటిది. ఆ ఛాయ వేరు, ఈ ఛాయ వేరు. అయినా లాంచీలో తిరిగి వస్తూ ఆ ఒక్క మాట గురించే ఆలోచించాను.

ఇంకో సంగతి. నాగార్జునకొండ లోయ నీళ్లలో మునగక ముందు 1954 నుంచి ఆరేళ్లు తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి చేర్చారు. శ్రీశైలం ముంపు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు. అంత పెద్ద గుడినే జరపగలిగినప్పుడు నాలుగు రాళ్లను తొమ్మిది అడుగులు వెనక్కి జరపడానికి భయపడక్కర్లేదు. జరిపే ముందు అంతా రాసిపెట్టాలి, అంతే.

మార్చి 23

యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో ఈ నెల ముడుమాల చేరింది. పేపర్లో చూసిన రోజు నుంచి మనసు అటే లాగుతోంది. ఈ రోజు నేనూ మేనల్లుడూ మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా పోయాం. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉంది.

అక్కడ చెక్కడాలు లేవు. ఊరికే నిలబెట్టిన రాళ్లు, పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తువి. అట్లాంటివి దాదాపు 80 ఉన్నాయని, వరుసలుగా పేర్చిన చిన్న రాళ్లు వేలల్లో ఉన్నాయని లెక్క. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి. రావు ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేశారు. మూడు వేల ఏళ్ల పైబడిన చోటు ఇది. ఒక రాయి మీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి, సప్తర్షి మండలం ఆకారంలో. ఊరివాళ్లు ఇక్కడి రాళ్లకు ఇప్పటికీ మొక్కుతారు. అందుకే అవి మిగిలాయని నా నమ్మకం. మా వైపు చేలల్లో రాళ్లు గుండ్రంగా పేర్చిన పాత సమాధులు ఉండేవి, రాక్షస గుళ్లు అనేవాళ్లు. ఎవరూ మొక్కలేదు. ట్రాక్టర్లు వచ్చాక చాలావాటిని లాగి గట్టున పడేశారు. వాటి కింద ఉన్నదీ మనలాంటి మనుషులే, తమవాళ్లు పక్కన కుండలు, ఇనుప పనిముట్లు పెట్టి సాగనంపిన మనుషులు.

ఒక పెద్ద రాయి నీడలో కూర్చుని అన్నం తిన్నాం. మావాడు మెతుకులు కింద పడకుండా తిన్నాడు, నేనేమీ చెప్పకపోయినా.

ఏప్రిల్ 6

శ్రీరామనవమి. కల్యాణం అయ్యాక పందిట్లోనే మాట ఎత్తాను, ఊరంతా ఒక్క చోట దొరికే రోజు కదా. సర్పంచుల గడువు ముగిసి ప్రత్యేకాధికారి పాలన నడుస్తున్న రోజులు. పంచాయతీ కార్యదర్శి, మాజీ సర్పంచ్, రోడ్డు పని చూసే ఇంజనీరు ముగ్గురూ ఉన్నారు. నేను గీసిన డ్రాయింగు గోడకు అంటించాను. రాళ్లకు ఒకటి నుంచి ఏడు వరకు నంబర్లు వేశాను. కాగితం మీద చూశాక ఇంజనీరే అన్నారు, "ముందే ఇది ఉంటే గీత అటు జరిపేవాళ్లం కదండీ" అని. ఇప్పుడు ఆ పక్క తూము అడ్డం, గీత జరగదు.

రాళ్లను జిల్లా మ్యూజియంకు ఇచ్చేద్దామని ఒకరన్నారు. టైల్స్ వేసి గుడి కట్టి గ్రిల్లు పెడదామని ఇంకొకరు, చందా కూడా ప్రకటించారు. నాకు టెన్షన్ పట్టుకుంది. అవ్వ లేచింది. "చెట్టు కిందనే ఉండాలె. ఇంట్ల పెట్టి తాళం వేస్తే మేమెట్ల పోవాలె? జరుపుండ్రి, కానీ జరిపే ముందు చెప్పి జరుపుండ్రి." రాళ్లకు చెప్పాలని ఆమె ఉద్దేశం. అదే తీర్మానం అయింది.

వందేళ్లు దాటిన శిల్పం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, మన రాష్ట్రానికి 2017లో వారసత్వ చట్టం కూడా వచ్చింది. అందుకని వారసత్వ శాఖకు డ్రాయింగు, ఫొటోలు జతచేసి పంచాయతీ తరఫున ఉత్తరం పంపాం. తవ్వేటప్పుడు ఏదైనా దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని, ఎవరూ ఇంటికి పట్టుకుపోకూడదని మైకులోనే చెప్పించాను. లంకెబిందెల ఆశతో వీరగల్లుల కింద రాత్రికి రాత్రి తవ్వి రాయిని రెండు ముక్కలు చేసిన ఊళ్లున్నాయి.

మే 11

లేపడం. నాకు ఈ నాలుగు నెలల్లో మరిచిపోలేని రోజు.

పని వడ్డెర మేస్త్రికి అప్పజెప్పాం. నా లెక్క ముందే చేసి పెట్టుకున్నాను. ఏడో రాయి పొడవు 1.5 మీటర్లు, వెడల్పు 0.7, మందం 0.22. నల్లరాయి ఘనమీటరుకు సుమారు 2,700 కిలోలు. అంటే 620 కిలోల పైన. మేస్త్రి రాయి చుట్టూ ఒకసారి తిరిగి, గడ్డపార కొసతో అంచు కింద కొంచెం ఎత్తి వదిలి, "ఆరు క్వింటాళ్లు దాటుతది సారూ" అన్నాడు. నా లెక్క జేబులోనే ఉంది.

జేసీబీ వద్దని ముందే అనుకున్నాం. దాని పళ్లు తగిలితే చెక్కడం పోతుంది. మూడు ఇనుప పైపులు కట్టి, దానికి టన్ను బరువు ఆపే చైన్ బ్లాక్ వేలాడదీశాం. రాయికి నైలాన్ బెల్టు, అంచుల దగ్గర మడతపెట్టిన గోనెసంచులు. తెల్లవారుజామున ఐదున్నరకు అవ్వ కొబ్బరికాయ కొట్టి, ఒక్కో రాయి దగ్గరా వంగి ఏదో చెప్పింది. మాకు వినబడలేదు.

నిలబడి ఉన్న నాలుగు రాళ్లకు ముందు పాత మట్టి గీత ఎక్కడిదాకా ఉందో సుద్దతో గుర్తు పెట్టుకున్నాం. అదే లోతులో పాతాలి, అదే తూర్పు ముఖం రావాలి. గుంతలో అడుగున రాతిముక్కలు, మీద మొరం పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టాం. సిమెంటు వేయలేదు. రేపు ఎవరైనా మళ్లీ తీయాల్సి వస్తే రాయి విరగకుండా రావాలి. మొదటి రాయి అడుగున పాత ప్రమిదల పెంకులు దొరికాయి. ఫొటో తీసి, రాసుకుని, కొత్త గుంతలో దాని అడుగునే పెట్టేశాం.

ఏడో రాయి చివరన పెట్టుకున్నాం. సగం లేచేసరికి పైపుల్లో ఒకటి కట్ట మట్టిలో దిగబడింది. రాయి పక్కకు ఊగింది. అందరం ఒక్కసారి వెనక్కి గెంతాం. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ రాయి కింది మూల పైపుకు తగిలి రెండు వేళ్ల వెడల్పు పెచ్చు ఊడింది. పైపు కింద చెక్క పెట్టకపోవడం నా తప్పు. 'దెబ్బలు' గడిలో రాశాను, "మే 11, 2025న లేపుతుండగా, మా వల్ల" అని. ఊడిన పెచ్చు అట్టపెట్టెలో, సున్నం పెచ్చుల పక్కన ఉంది.

చెక్కలు పెట్టి మళ్లీ ఎత్తాం. రాయి నిలువుగా వచ్చి మెల్లగా తిరిగింది. ముఖం నిండా మట్టి. మేస్త్రి చేత్తో తడిమి, "ఏదో ఉన్నది" అన్నాడు. నేను నీళ్లు పోశాను, గట్టిగా కాదు, చెంబుతో కొద్దికొద్దిగా.

ముందు అడవిపంది బయటపడింది. వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. దాని ఎదురుగా మనిషి, బల్లెం పంది రొమ్ములో దిగి ఉంది. నడుముకు బాకు. ఎండావానా తగలక గీతలు నిన్న చెక్కినట్టున్నాయి, బల్లెం పట్టుకున్న వేళ్ల కణుపులు కూడా లెక్కపెట్టొచ్చు. చెంబు మళ్లీ నింపుకుని కింద పోస్తే పంది వెనక కాలు పట్టుకుని వేలాడుతున్న కుక్క కనబడింది. మెడకు పట్టెడ ఉంది. చెక్కిన మనిషికి ఆ కుక్క తెలిసి ఉంటుంది. ఊరికే వేటకుక్క అయితే చెవి అట్లా ఒకవైపు మడిచి చెక్కడు.

చేలల మీద పడే పందిని ఆపబోయి చనిపోయినవాడో, వేటకు పోయి పోయినవాడో. కుక్క కూడా అతనితోనే పోయిందేమో. మేస్త్రి తలపాగా తీసి భుజం మీద వేసుకున్నాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఊళ్లో అందరినీ అడిగాను. ఈ రాయి ఎవరిదో ఒక్కరికీ తెలియదు. ఎన్ని తరాలు బోర్లా పడి ఉందో గానీ, ముఖం కనబడకపోయేసరికి పేరు కూడా పోయింది.

జూన్ 15

వానలు. కట్ట మీద పని లేదు. ఒక్కో రాయికి చుట్టూ తిరిగి తీసిన ఫొటోలతో కంప్యూటరులో త్రీడీ మోడల్ చేస్తున్నాను. ఒక ఫొటోలో ఉన్నదాంట్లో ముప్పాతిక వంతు పక్క ఫొటోలో కూడా ఉండాలి, లేకపోతే అతకదు. ఐదు వచ్చాయి. సున్నం రాయి రాలేదు, తెలుపంతా ఒక్కటే కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు గుర్తులు దొరకడం లేదు. మూడోది పెయింటు మెరుపు వల్ల చెడింది.

ఆగస్టు 17

రోడ్డు పడింది. రాళ్లకూ తారు అంచుకూ మధ్య నాలుగడుగులు మిగిలింది. వానలకు ఒక్క రాయి కూడా కుంగలేదు, తూగుగుండుతో చూశాను. రెండోది అర అంగుళం వెనక్కి వాలినట్టుంది, దసరా దాకా చూసి సరిచేయాలి.

సెప్టెంబర్ 21, పెత్రమాస

పొద్దున్నే ఊరంతా పెద్దలకు బియ్యం ఇచ్చే హడావుడి. మా ఇంట్లో నాన్న పేరున, తాత పేరున బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు విస్తరిలో పెట్టి ఇచ్చాం. తాత ముందరి తాత పేరు అమ్మను అడిగాను. అమ్మకు తెలియదు. మూడు తరాలు దాటితే మనింట్లో పేర్లే మనకు ఉండవు.

పది గంటలకు కట్ట మీదికి పోయాను. అవ్వ అప్పటికే సున్నం పూసేసింది. యాదవుల పిల్లలు మూడో రాయికి పెయింటు మీదనే జాజు పూస్తున్నారు, మాట నిలబెట్టుకున్నారు. ఐదో రాయి మీది ఆమెకు ఎవరో పసుపు రాసి చేతి దగ్గర రెండు మట్టిగాజులు పెట్టిపోయారు. ఎవరో కనుక్కుని గడి నింపాలి.

అవ్వ ఏడో రాయి ముందు ఆగింది.

"ఇదెవరిది?"

"తెల్వదవ్వా. పుస్తకంల పేరు కాడ ఖాళీ పెట్టిన."

"ఖాళీ ఎందుకు? పెద్దలు అని రాయి."

రాశాను. అవ్వ తన విస్తరిలోంచి రెండు పిడికిళ్ల బియ్యం తీసి మోదుగాకులో పోసి ఆ రాయి ముందు పెట్టింది. వెనక్కి తిరిగినామె మళ్లీ ఆగి, గారె ముక్క తుంచి కుక్క బొమ్మ దగ్గర పెట్టింది.

సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఆడవాళ్లు కొత్త రోడ్డు మీద నుంచే బతుకమ్మలు ఎత్తుకుని చెరువుకు దిగారు. ఆరో రాయి పై ముక్క ఇంకా దొరకలేదు. తూము కింద నీళ్లు తగ్గాక అక్కడ వెతకాలి.